‘నేను’ అంటూ సాగే పాత రీజెన్సీ ప్రేమకథని చదవడం ఎలా

మా పిన్నిని పెళ్లిచూపుల గురించి అడిగితే ఎప్పుడూ ఒకటే మాట. ‘‘నేనసలు ఆయన్ని తలెత్తి చూడలేదే!’’ అంటుంది. ఆ తర్వాత, మనం అడక్కుండానే, ఆయన చొక్కాకి పైనుంచి రెండో గుండీ నల్ల దారంతో కుట్టి ఉందని చెబుతుంది. కాఫీ గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నారనీ, జంతికలు రెండోసారి పెట్టబోతే వద్దన్నారనీ చెబుతుంది. చూడకుండానే ఇన్ని ఎలా తెలిశాయి పిన్నీ అంటే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటూ లేచి వెళ్లిపోతుంది.

రీజెన్సీ కాలం మీద వచ్చిన పాత ఇంగ్లిష్ ప్రేమకథల్లో కొన్నింటిని కథానాయికే ‘నేను’ అంటూ చెప్పుకొస్తుంది. మొదట్లో ఇలాంటివి రెండు మూడు సగంలో పడేశాను. హీరో మనసులో ఏముందో తెలీదు. ముద్దు కోసం ఆఖరి అధ్యాయం దాకా ఆగాలి. ఈవిడేమో పేజీలకి పేజీలు కొత్త టోపీ గురించీ, మేనత్త నస గురించీ చెబుతూ ఉంటుంది. పిన్ని కబుర్లు విన్నట్టు వినాలని తట్టాక గానీ వీటి రుచి తెలియలేదు. మీకు అంత ఆలస్యం కాకూడదని ఇది రాస్తున్నాను.

ముందు, చేతిలో ఉన్నది ఏమిటో చూసుకోండి

ఇంగ్లండ్ రాజు మూడో జార్జికి మతి స్థిమితం తప్పడంతో, 1811 ఫిబ్రవరి 5న ఆయన పెద్దకొడుకు ప్రిన్స్ రీజెంట్ అయ్యాడు. అంటే రాజు బతికుండగానే రాజు బదులు పాలించేవాడు. 1820 జనవరి 29న తండ్రి పోయి తను నాలుగో జార్జి అయ్యేదాకా ఇదే ఏర్పాటు. ఆ తొమ్మిదేళ్లే అసలు రీజెన్సీ. నవలలు రాసేవాళ్లు ముందూ వెనకా మరి కొన్నేళ్లు కలిపేసుకుంటారు, దానికి పేచీ పెట్టుకోనక్కర్లేదు.

ఈ కథల్లో ‘నేను’ తక్కువ. జేన్ ఆస్టిన్ ఆ కాలంలోనే బతికి రాసింది, ఆమె ఆరు పెద్ద నవలలూ ‘ఆమె’ అంటూనే నడుస్తాయి. 1935లో జార్జెట్ హేయర్ రీజెన్సీ కాలాన్ని తీసుకుని ఈ తరహాకి అచ్చు పోసింది, ఆవిడ పద్ధతీ అదే. ‘నేను’ ఇంకో వాకిట్లోంచి వచ్చింది. 1740 నాటి ఉత్తరాల నవల ‘పమేలా’, 1847 నాటి ‘జేన్ ఐర్’ ఆ వైపు ముత్తవ్వలు. 1960ల్లో గోథిక్ ప్రేమకథలు ఊపందుకున్నాయి. వాటి అట్టలు మీరు చూసే ఉంటారు: చీకట్లో పెద్ద బంగళా, ఒక్క కిటికీలో దీపం, దానికి దూరంగా పరిగెత్తుతున్న అమ్మాయి. ఆ అమ్మాయే తన భయాన్ని తనే చెప్పుకునేది. ఆ గాలి కొంత రీజెన్సీకీ సోకింది. బంగళాలో భయం పోయి, డ్రాయింగ్ రూములో వెటకారం వచ్చింది.

మన వ్యాకరణంలో ‘నేను’ని ఉత్తమ పురుష అంటారు కదా. ఈ పుస్తకాల్లో హీరో ఉత్తమ పురుషుడో కాదో చెప్పాల్సింది ఆ ఉత్తమ పురుషే. ఆవిడ సాక్ష్యం ఎంతవరకు నమ్మాలన్నదే అసలు ఆట.

పుస్తకం పట్టుకునేటప్పుడు

వెనక అట్ట మీద రాసింది చదివి మోసపోకండి. కథ ‘నేను’లో ఉందో ‘ఆమె’లో ఉందో అక్కడ సాధారణంగా తెలియదు. మొదటి పేజీ తెరవండి. మొదటి పేరాలోనే ఆవిడ ఎవరినో ఒకర్ని ఆడిపోసుకుంటుంటే, ఆ ఆడిపోసుకోవడం మీకు నవ్వు తెప్పిస్తే, తీసుకోండి. ఆ గొంతుతోనే మీరు రెండు వందల పైచిలుకు పేజీలు గడపాలి. గొంతు నచ్చకపోతే కథ ఎంత బాగున్నా లాభం లేదు.

అట్ట మీద అమ్మాయి బొమ్మని బట్టి కాలం నిర్ణయించకండి, చిత్రకారుడు ఏ కాలపు గౌనైనా వేసెయ్యగలడు. లోపల చూడండి. రైలెక్కితే రీజెన్సీ కాదు, ఇంగ్లండులో మొదటి ప్యాసింజర్ రైళ్లు 1825 తర్వాతి మాట. ఉత్తరానికి స్టాంపు అంటిస్తే 1840 దాటింది. రాణి విక్టోరియా పేరు వినబడితే 1837 దాటింది. గుర్రపు బండి, ఛాతీ కింద బిగించి జారవిడిచిన మస్లిన్ గౌను, ఫ్రాన్సుతో యుద్ధం కబుర్లు ఉంటే సరైన చోటికే వచ్చారు.

1970ల నుంచి అమెరికాలో ఈ చిన్న రీజెన్సీ నవలలు నెలనెలా వరుసగా వచ్చేవి. 2000ల మధ్యకల్లా ఆ వరుసలు ఆగిపోయాయి. కాబట్టి ఇప్పుడు పాత కాపీలే దిక్కు. హైదరాబాదులో అయితే కోఠి, అబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాలు, విజయవాడలో అయితే లెనిన్ సెంటర్. గుట్టలో అడుగున ఉంటాయి, మోకాళ్ల మీద కూర్చుని వెతకాలి. కొన్ని ఈబుక్కులుగా మళ్లీ వచ్చాయి. కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అరువుకి దొరుకుతాయి. పాతది కొనేటప్పుడు మాత్రం చివరి పేజీలు లెక్కపెట్టుకోండి. ఒకసారి ఆన్‌లైన్లో తెప్పించుకున్న కాపీలో సరిగ్గా ఆఖరి ఎనిమిది కాగితాలూ లేవు. ఇలాంటి నవలలో ఆఖరి ఎనిమిది కాగితాలు పోయాయంటే పెళ్లి భోజనంలో విస్తరి వేసి లేపేసినట్టే.

పది నిమిషాల సామాను

చరిత్ర పాఠం చదివి రానక్కర్లేదు. కొన్ని విషయాలు తెలిస్తే చాలు, మిగతావి కథే నేర్పుతుంది.

బిరుదులు పైనుంచి కిందికి: డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బేరన్. ఆ కింద బేరనెట్, నైట్. ఈ ఇద్దరినీ ‘సర్’ చేర్చి సొంత పేరుతో పిలుస్తారు. ఇంట్లో పెద్దమ్మాయిని మిస్ అని ఇంటిపేరుతో పిలుస్తారు, చెల్లెళ్లకి సొంత పేరు కూడా చేరుస్తారు. అందుకే మీ కథానాయికని అందరూ ఇంటిపేరుతోనే పిలుస్తుంటే ఆవిడ పెద్దకూతురని తెలిసిపోతుంది. ‘నేను’ కథల్లో ఆవిడ సొంత పేరు చాలాసేపటి దాకా బయటికి రాకపోవడం మామూలే. మనం కూడా మన కథ చెప్పేటప్పుడు మన పేరు చెప్పం కదా.

డబ్బు దగ్గర చాలామంది తికమకపడతారు. పౌండుకి ఇరవై షిల్లింగులు, షిల్లింగుకి పన్నెండు పెన్నీలు, గినీ అంటే ఇరవై ఒక్క షిల్లింగులు. ఇవాళ్టి రూపాయల్లోకి మార్చాలని చూడకండి, ఏ లెక్కా కుదరదు. ఒక కొలబద్ద పెట్టుకోండి. ఆస్టిన్ నవలల్లోనే ఒక తల్లీ ముగ్గురు కూతుళ్లూ ఏడాదికి 500 పౌండ్లతో పొదుపుగా, పరువుగా బతుకుతారు. ఆవిడదే ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో హీరో డార్సీకి ఏడాదికి 10,000. మీ కథలో ఎవరికి ఎంత వస్తుందో విన్నప్పుడల్లా ఈ రెండింటి మధ్య పెట్టి చూడండి. ఆవిడ ఎందుకు అంత పొగరుగా మాట్లాడుతోందో, ఎందుకు అంత భయపడుతోందో అర్థమవుతుంది.

కొన్ని మాటలు కాలు జారేలా చేస్తాయి. ‘మార్నింగ్ కాల్’ అంటే పొద్దున్నే రావడం కాదు. రాత్రి భోజనం దాకా వాళ్లకి అంతా మార్నింగే, మధ్యాహ్నం మూడింటికి వచ్చినా అదే మాట. ‘టన్’ అంటే బరువు కాదు, ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న మాట, గొప్పింటి ఫ్యాషన్ లోకం. ‘మేకింగ్ లవ్’ అని కనబడితే కంగారు పడకండి. తియ్యగా మాట్లాడి మనసు గెలుచుకునే ప్రయత్నం చేస్తున్నాడని అర్థం, అంతే. నేను మొదటిసారి ఆ మాట బంతి ఆట చూస్తున్న జనం మధ్యలో జరుగుతున్నట్టు చదివి పుస్తకం మూసి మళ్లీ తెరిచాను.

ఇంకో రెండు చోట్లు. ఆల్మాక్స్ అంటే లండన్ కింగ్ స్ట్రీటులో బుధవారాల్లో డాన్సులు జరిగే హాలు. కొందరు గొప్పింటి ఆడవాళ్లు ఒప్పుకుంటేనే ప్రవేశం. లోపల పెట్టేది నిమ్మరసం, పల్చటి బ్రెడ్డూ వెన్నా. దానికోసం తల్లులు పడే టెన్షన్ మాత్రం మన ఇంజినీరింగ్ సీటు స్థాయిలో ఉంటుంది. గ్రెట్నా గ్రీన్ అంటే స్కాట్లాండ్ సరిహద్దు ఊరు. ఇంగ్లండులో 1753 నాటి చట్టం వల్ల ఇరవై ఒకటి నిండనివాళ్లకి పెద్దల ఒప్పుదల అడ్డం వచ్చేది. స్కాట్లాండులో ఆ బెడద లేదు. అందుకని లండన్ నుంచి మూడు వందల మైళ్ల పైచిలుకు బండిలో పారిపోవాలి. కథలో చెల్లెలు కనబడకుండా పోతే అందరూ ఉత్తరం వైపు రోడ్డు పట్టేది అందుకే.

అసలు పని: ఆవిడని నమ్మకండి

ఇక్కడే తీరిగ్గా కూర్చోవాలి. పెన్సిలు తీసుకోండి. పుస్తకం అరువుదైతే చిన్న కాగితం పెట్టుకోండి.

కథానాయిక ఇతరుల గురించి చెప్పేది ముప్పాతిక వంతు నమ్మండి. తన గురించి తను చెప్పుకునేది పావు వంతు నమ్మండి. ముఖ్యంగా ‘నాకేం పట్టలేదు’, ‘నేను గమనించలేదు’, ‘అది నాకు అనవసరం’ అన్న ప్రతిచోటా అంచున చిన్న గీత గీయండి. ఆ గీత దగ్గరికి ముందూ వెనకా ఐదు వాక్యాలు చూడండి. ఎక్కడో ఒక గుండీ దొరుకుతుంది. ఉదాహరణకి, పక్క ఊరి ఎస్టేటుకి కొత్త యజమాని వచ్చాడనుకుందాం. అతను వచ్చివెళ్లిన సంగతి తనకి అసలు ముఖ్యం కాదని ఆవిడ చెబుతుంది. అదే పేరాలో అతని బూట్లకి ఎడమవైపు మాత్రమే బురద ఉందని కూడా చెబుతుంది. బురద గమనించిన మనిషి మొహం గమనించకుండా ఉంటుందా?

ఇక ఆ ‘నేను’లో ఇద్దరున్నారు. ఒకరు ఆ రోజు డాన్సు హాల్లో నిలబడి ఉడికిపోతున్న పాతికేళ్ల అమ్మాయి. ఇంకొకరు అంతా అయిపోయాక, తాపీగా కుర్చీలో కూర్చుని, ఇది రాస్తున్న మనిషి. రెండో ఆవిడకి ముగింపు తెలుసు. తెలిసీ దాస్తోంది. ‘అప్పట్లో నాకు అలా అనిపించింది’ అనే వాక్యం వచ్చినప్పుడల్లా రెండో ఆవిడ ఓరగా మనవైపు చూసిందన్నమాట. మంచి రచయిత్రి చేతిలో ఈ ఇద్దరి మధ్య దూరం మొదట్లో ఎక్కువ ఉండి, పోనుపోను తగ్గుతుంది. ఆ దూరం ఎక్కడ మాయమైందో కనిపెట్టడం నాకు హీరో పెళ్లి మాట ఎత్తడం కన్నా ఎక్కువ సంతోషం.

హీరో సంగతి. ఇప్పటి ప్రేమకథల్లో ఒక అధ్యాయం ఆమె వైపు, ఒక అధ్యాయం అతని వైపు నడవడం మనకి అలవాటైపోయింది. అతను ఆమెని చూసి ఏమనుకున్నాడో మనకి చెప్పేస్తారు. ఇక్కడ ఆ తలుపు మూసే ఉంటుంది. కాబట్టి ఆవిడ అతని గురించి వేసే విశేషణాలు పక్కన పెట్టండి. గర్విష్టి, ముభావి, బొత్తిగా మర్యాద తెలీనివాడు అంటుంది, అననివ్వండి. మీరు క్రియలు మాత్రమే ఏరుకోండి. ఎవరూ నాట్యానికి పిలవని అమ్మాయిని అతను వెళ్లి పిలిచాడా? ముసలి నౌకరు జారిపడితే మొదట లేచింది ఎవరు? వానలో బండి ఎవరికి ఇచ్చి తను నడిచాడు? ఆవిడ ఇవన్నీ విసుగ్గా, ‘అదొక వింత’ అన్నట్టు చెబుతుంది. మనకి అతను తెలిసిపోతాడు. ఆవిడకన్నా యాభై పేజీల ముందే తెలియడంలోనే మజా.

చుట్టుపక్కల వాళ్ల మాటలూ వినండి. ‘నేను’ కథలో నిజం చెప్పే పని తరచు వాగుడుకాయ మేనత్తకో, పదేళ్ల తమ్ముడికో అప్పజెబుతారు. వాళ్లు అనేసింది ఆవిడ కొట్టిపారేస్తుంది. ఆవిడ ఎంత గట్టిగా కొట్టిపారేస్తే అది అంత నిజం.

తెలుగువాళ్లుగా మనకి ఒక సదుపాయం ఉంది. ఇంగ్లిషులో మీరు, నువ్వు తేడా లేదు, అంతా ‘యూ’నే. ఆ పని అక్కడ పేర్లు చేస్తాయి. మిస్ ఫలానా అంటున్న మనిషి, గాభరాలో ఒక్కసారి ఆమెని సొంత పేరుతో పిలిచేస్తాడు. అదీ ఏ ప్రమాదంలోనో, అరుపులాగా వస్తుంది. ఇప్పటి అమెరికా పాఠకురాలికి అది పెద్ద విషయంగా కనబడకపోవచ్చు. మొగుడి పేరు నోటితో పలకని అమ్మమ్మల ఇళ్లలో పెరిగాం మనం. కొత్త కోడలిని గుమ్మం దగ్గర ఆడపడుచులు అడ్డగించి పేరు చెబితేగానీ లోపలికి రానివ్వమంటే, ఆ పిల్ల మొహం ఎలా ఎర్రబడుతుందో చూసినవాళ్లం. ఆ వేడితోనే ఈ చోట్లు చదవండి. పేరు మారిన పేజీకి మూల మడిచి పెట్టుకోండి. మీరు నువ్వుగా మారింది అక్కడే.

ఉత్తరం వస్తే నెమ్మదించండి

ఈ కథల్లో ఉత్తరం ఊరికే రాదు. 1840కి ముందు తపాలా ఖర్చు సాధారణంగా అందుకున్నవాళ్లే కట్టేవారు, దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యని బట్టి. కవరు పెడితే అదీ ఒక కాగితం లెక్క. అందుకే ఒకే కాగితం మీద రాసి, నిండితే పక్కకి తిప్పి ఆ రాత మీదే అడ్డంగా రాసి, మడిచి లక్క ముద్ర వేసేవారు. పార్లమెంటు సభ్యుడు సంతకం చేసిస్తే ఉచితంగా పోయేది, కాబట్టి ఇంటికొచ్చిన అలాంటి పెద్దమనిషిని అందరూ పీక్కుతినేవారు. నిశ్చితార్థం కాని అమ్మాయి పరాయి మగాడికి ఉత్తరం రాయడం తప్పు కింద లెక్క. ఇది తెలిస్తే, కథానాయిక అతనికి రెండు వాక్యాల చీటీ రాసినా ఎంత సాహసమో అర్థమవుతుంది. పైగా ‘నేను’ కథలో ఉత్తరమొక్కటే ఇంకొకరి గొంతు నేరుగా వినబడే చోటు. హీరో రాసింది వస్తే రెండుసార్లు చదవండి. ఆవిడ దానికి చెప్పిన అర్థం ఒకటి, అందులో ఉన్నది ఇంకొకటి కావచ్చు.

వాతావరణం మీద ఒక చిన్న సరదా. కథ 1816 వేసవిలో జరుగుతోందా? ముందటేడు ఇండోనేషియాలో టాంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ ఏడు యూరప్‌కి వేసవే లేకుండా పోయింది. మీ కథానాయిక అప్పుడు రోజూ ఎండలో పిక్నిక్కులకి వెళ్తుంటే రచయిత్రి పంచాంగం చూడలేదన్నమాట.

గుచ్చుకునేవి ఉంటాయి

పాత పుస్తకాలు రెండుసార్లు పాతవి: కథ జరిగిన కాలానిదీ, రాసిన కాలానిదీ. 1970ల్లో రాసినదాంట్లో అడక్కుండా పెట్టిన ముద్దు, గుర్తింపుకి నోచుకోని నౌకర్లు, పదిహేడేళ్ల పిల్లకి ముప్పై ఆరేళ్ల సంరక్షకుడు తగులుతారు. వీటిని వెనకేసుకురమ్మని అనను. నా పద్ధతి చెబుతాను. అలాంటి చోట ‘నేను’ ఏమంటోందో చూస్తాను. ఆవిడకీ మండితే ముందుకి వెళ్తాను. ఆవిడా, వెనకున్న రచయిత్రీ ఇద్దరూ అది ముచ్చటే అనుకుంటుంటే పుస్తకం మూసేస్తాను. మొహమాటం లేదు, గుట్టలో ఇంకా బోలెడున్నాయి.

ఇంకొకటి మనకి ప్రత్యేకంగా గుచ్చుకుంటుంది. కథలో ఎవరో మేనమామ ‘మద్రాసు నుంచి’ మూటలతో దిగుతాడు, మేనకోడలికి కట్నం అమరిపోతుంది. ఆ మూటలు ఈస్టిండియా కంపెనీ కాలపు మూటలు. అప్పటికి కోస్తా జిల్లాలు కంపెనీ చేతిలో ఉన్నాయి. ఆ శిస్తులూ, ఆ వ్యాపారమూ ఆ డ్రాయింగ్ రూములో తివాచీ కింద ఉంటాయి. కథ ఆగి చెప్పదు, మనం ఆగి చూడొచ్చు.

కోఠిలో పుస్తకాలు వెతుక్కుని లేచి చూస్తే దగ్గర్లోనే పాత రెసిడెన్సీ భవనం, ఒకప్పటి ఉమెన్స్ కాలేజీ, ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న చోటు. దాన్ని కట్టించిన రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ఖైరున్నిసా బేగంని పెళ్లాడాడు. వాళ్ల కూతురు 1802లో ఇక్కడ పుట్టింది. 1805లో అన్నతోపాటు ఓడెక్కించి ఇంగ్లండ్ పంపేశారు. అక్కడ కిట్టీ అయింది. తల్లిని మళ్లీ చూడలేదు. రీజెన్సీ ముగిసేనాటికి కిట్టీకి పద్దెనిమిదో ఏడు నడుస్తోంది, అంటే సరిగ్గా మన నవలల కథానాయికల వయసు. ‘నేను’ అంటూ కిట్టీ చెబితే ఎలా ఉండేదా అని, కోఠిలో కొన్న ప్రతి రీజెన్సీ నవల మీదా నాకు ఒక ఆలోచన వస్తుంది.

ఎంత వేగంగా చదవాలి

రెండు మూడుసార్లు కూర్చుంటే పుస్తకం అయిపోతుంది. కానీ ఒకటి కాగానే ఇంకొకటి ‘నేను’ కథ మొదలెట్టకండి, రెండు గొంతులూ కలిసిపోతాయి. మధ్యలో వేరే ఏదైనా చదవండి. చమత్కారం మాటల్లో ఉంటుంది కాబట్టి సంభాషణలు కొన్ని పైకి చదివి చూడండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. నలభై పేజీల తర్వాత కూడా ఆవిడ మీకు నవ్వు తెప్పించకపోతే వదిలెయ్యండి.

అయిపోయాక ఒక పని మిగిలి ఉంటుంది. పుస్తకం వెంటనే పక్కన పెట్టకుండా, వాళ్లిద్దరూ మొదటిసారి ఎదురుపడిన సన్నివేశానికి వెనక్కి వెళ్లండి. మూడు నాలుగు పేజీలే. మొదటిసారి చదివినప్పుడు ఆవిడ అతన్ని తిట్టడమే కనబడి ఉంటుంది. ఇప్పుడు పెన్సిలు పట్టుకుని, తిట్టే వంకతో ఆవిడ అతనిలో ఎన్ని చూసిందో లెక్కపెట్టండి. నేను ఈమధ్య చదివినదాంట్లో పదకొండు తేలాయి. అందులో ఒకటి అతని చేతి తొడుగు మీద కుట్టు, వేరే రంగు దారంతో.